ప్లానులో రాసిన పనికే అనుమతి: జపాన్ నిర్మాణ రంగానికి శిక్షణ మీద వెళ్లేవారికి
(జపాన్ వెళ్లేందుకు సిద్ధమవుతున్న సెంట్రింగ్, రాడ్ బెండింగ్, తాపీ పనివారికి, వారికి నేర్పేవారికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్న చాలామందికి సైటు పని తెలుసు. రాడ్డు ఎలా వంచాలో, షీటు ఎలా కొట్టాలో నేను చెప్పక్కర్లేదు. జపాన్ ప్రభుత్వం మీకు అనుమతి ఏ పనికి ఇస్తుంది, ఎవరి దగ్గర పని చేయమంటుంది, ఎంతకాలం ఉండనిస్తుంది, ఏం జరిగితే ఆ అనుమతి పోతుంది అన్నది మాట్లాడుకుందాం. అంకెలు కొన్ని వస్తాయి, రాసుకోండి.

మనం మామూలుగా "జపాన్ వీసా వచ్చింది" అనేస్తాం. అసలు సంగతి వేరే. 'గినో జిష్షు' అనే సాంకేతిక శిక్షణ పద్ధతిలో వెళ్లినవాళ్లకి అనుమతి ఒక కంపెనీకి, ఒక పనికి, ఒక శిక్షణ ప్లానుకి కట్టుబడి ఉంటుంది. ఆ ప్లాను మనిషికొకటి. మీ పక్కన కూర్చున్న అతను అదే కంపెనీకి వెళ్తున్నా అతని ప్లాను అతనిదే, మీది మీదే. ఓటీఐటీ అనే సంస్థ ఒక్కో ప్లానూ చూసి ఆమోదిస్తుంది. ఆ తర్వాతే ఇమిగ్రేషన్ ఆఫీసులో ఫైలు కదులుతుంది. తర్వాత సైటులో వచ్చే గొడవలు చాలావరకు ప్లానులో రాసిన పని ఒకటి, పొద్దున్నే చేయించే పని ఇంకొకటి కావడం వల్ల వచ్చేవే. అందుకే ఇవాళ చెప్పేదంతా ఆ ప్లాను చుట్టూనే తిరుగుతుంది.

ఈ శిక్షణ పద్ధతి 1993లో మొదలైంది. ఇప్పుడున్న చట్టం 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది అక్టోబరులో భారత్, జపాన్ ఒప్పందం రాసుకున్నాయి. మన వైపు ఈ వ్యవహారం చూసేది ఎన్ఎస్‌డీసీ, అంటే జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ. రెండో దారి 'తోకుతెయ్ గినో', అంటే నైపుణ్య కార్మికుడిగా నేరుగా ఉద్యోగానికి వెళ్లడం. అది 2019 ఏప్రిల్‌లో మొదలైంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

శిక్షణలో మూడు దశలు. మొదటిది 1 ఏడాది, రెండోది 2 ఏళ్లు, మూడోది ఇంకో 2 ఏళ్లు. అన్నీ కలిపితే 5. ఇవి వాటంతట అవి ముందుకు జరగవు. మొదటి దశ ముగిసేలోగా ప్రాథమిక స్థాయి పరీక్షలో రాత, పని రెండూ పాసవ్వాలి. లేకపోతే రెండో దశ లేదు, ఇంటికే. రెండో దశ చివర గ్రేడు 3 పని పరీక్ష పాసైతేనే మూడో దశ. అక్కడ మీరు పాసైతే చాలదు. మీ కంపెనీ, దాని మీద పర్యవేక్షణ చేసే సంఘం రెండూ 'ఉత్తమం' అన్న గుర్తింపు పొందినవై ఉండాలి. "అయిదేళ్ల కాంట్రాక్టు" అని ఎవరైనా చెబితే, ఆ కంపెనీకి ఆ గుర్తింపు ఉందా అని అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే మూడేళ్లే అనుకోండి. మూడో దశకు ముందు గానీ, అది మొదలైన ఏడాదిలోపు గానీ కనీసం 1 నెల స్వదేశానికి వచ్చి వెళ్లాలి. ఇది నిబంధన.

ఇక పని పేరు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తింటున్నారు. మన సైటుల్లో సెంట్రింగ్ ముఠా అంటే జాకీలు నిలబెట్టేదీ, షీట్లు కొట్టేదీ, అవసరమైతే పరంజా కట్టేదీ, మధ్యలో రాడ్డుకి బైండింగ్ వైరు చుట్టేదీ ఆ ముఠానే. జపాన్‌లో ఇవి వేరువేరు వృత్తులు. అచ్చు కట్టేది 'కతవాకు', రాడ్డు పని 'తెక్కిన్', పరంజా, ఎత్తు మీద పని 'తోబి', పూత పని 'సకాన్'. పైపులు, టైల్సు, వాటర్‌ప్రూఫింగ్, కాంక్రీటు పంపు, జేసీబీ లాంటి యంత్రాలు నడపడం, ఏసీ బిగించడం, ఇలా శిక్షణకు అనుమతి ఉన్న నిర్మాణ వృత్తులు 22. వాటి కింద పనుల విభాగాలు 33. మీ ప్లానులో ఆ 33లో ఒకటి రాసి ఉంటుంది. 'కన్‌స్ట్రక్షన్' అని మాత్రమే చెప్పి సంతకం పెట్టమంటే పెట్టకండి.

ప్లానులో పనుల వాటా కూడా ఉంటుంది. మొత్తం పని గంటల్లో కనీసం సగం ఆ వృత్తిలో తప్పనిసరి అని రాసిన పనులకే పోవాలి. దానికి సంబంధించిన పనులు సగానికి మించకూడదు. చుట్టుపక్కల పనులు, అంటే సామాను మోయడం, ఊడ్చి సర్దడం లాంటివి, మూడో వంతు దాటకూడదు. ఈ మూడింటిలోనూ కనీసం పదో వంతు భద్రతకి కేటాయించాలి. కాబట్టి రాడ్ బెండింగ్‌కి వెళ్లిన మనిషి ఒక రోజు డెబ్రిస్ మోస్తే తప్పు లేదు. మూడు నెలలుగా పాత బిల్డింగులు కూలగొడుతూ ఉంటే అది ప్లాను ఉల్లంఘన. అప్పుడు తప్పు కంపెనీదే. అయితే నష్టం మీకు ఇంకో రకంగా వస్తుంది. ఏడాది చివర రాడ్ బెండింగ్ పరీక్ష పెడతారు, చేతికి ఆ పని అలవాటై ఉండదు. ఆ రోజు 'నాకు నేర్పలేదు' అంటే పరీక్ష పెట్టేవాళ్లు మార్కులు కలపరు. అందుకని మొదటి నెల నుంచే ఒక చిన్న డైరీలో తేదీ, సైటు, చేసిన పని రాసుకోండి. తెలుగులో రాసుకున్నా సరే, గంటలు మాత్రం అంకెల్లో ఉండాలి.

నేర్పేవాళ్లకి ఒక మాట. అనుభవ ధ్రువపత్రాలు అల్లకండి. శిక్షణకు వెళ్లే మనిషి ఇక్కడ అలాంటి పనే చేసి ఉండాలన్న షరతు ఉంది. ప్లంబరుకి 'మూడేళ్లు సెంట్రింగ్ చేశాడు' అని కాగితం పుట్టిస్తే ఈసారికి పని జరిగిపోవచ్చు. నాలుగేళ్ల తర్వాత అతను తోకుతెయ్ గినోకి మారదామని కొత్త బయోడేటా ఇస్తాడు. ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గర పాతది భద్రంగా ఉంటుంది. రెండింటికీ పొంతన లేకపోతే తిరస్కరణ వస్తుంది. అబద్ధం రాసింది ఎవరైనా శిక్ష పడేది అతనికి.

కాగితాల వరస చెబుతాను. ముందు కంపెనీతో ఉద్యోగ ఒప్పందం. అందులో జీతం, కోతలు, పని గంటలు మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తర్వాత కంపెనీ, పర్యవేక్షక సంఘం కలిసి ప్లాను తయారు చేసి ఓటీఐటీకి పెడతాయి. శిక్షణ మొదలవ్వడానికి 6 నెలల ముందు నుంచి పెట్టొచ్చు, మామూలుగా 4 నెలల ముందుకల్లా పెట్టాలి. ఆమోదం వచ్చాక ఇమిగ్రేషన్ ఆఫీసు అర్హత ధ్రువపత్రం ఇస్తుంది. దీన్నే మనవాళ్లు సీఓఈ అంటారు. దాని ఆయుష్షు 3 నెలలు. ఆ లోపల వీసా స్టాంపు కొట్టించుకుని జపాన్‌లో దిగాలి. ఇంట్లో పెళ్లనో, పాస్‌పోర్టులో పేరు సరిదిద్దాలనో ఆలస్యం చేస్తే అది చెల్లకుండా పోతుంది, మళ్లీ మొదటికే. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో ఒప్పందానికి ముందే చూసుకోండి. మన దగ్గర ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు ఉండటం మామూలే కదా, అక్కడ అది వారాలు తినేస్తుంది.

డబ్బు గురించి. గల్ఫ్‌కి వెళ్లిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకి ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకి వెళ్లే ముందు ప్రభుత్వ క్లియరెన్సు తీసుకోవాల్సిన పాస్‌పోర్టు, తెలుసు. జపాన్ ఆ ఈసీఆర్ దేశాల జాబితాలో లేదు. పదో తరగతి పాసవ్వకపోయినా జపాన్‌కి ప్రత్యేక క్లియరెన్సు అక్కర్లేదు. ఇది సౌకర్యమే గానీ, విమానం ఎక్కే ముందు ప్రభుత్వం తరఫున కాగితాలు చూసే కన్ను ఒకటి తగ్గినట్టే. కాబట్టి మిమ్మల్ని పంపే సంస్థకు గుర్తింపు ఉందా లేదా మీరే చూసుకోవాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ప్రభుత్వ సంస్థలు, అక్కడికెళ్లి అడగొచ్చు. మన వలస నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. 'డిపాజిట్ పెట్టు, మధ్యలో వచ్చేస్తే పోతుంది' అంటే, 'పారిపోతే మీ నాన్న ఇంత కట్టాలి' అని బాండు రాయించుకుంటే, అది జపాన్ చట్టం నిషేధించిన పని. అలాంటి బాండు మీద సంతకం పెట్టినట్టు తేలితే మొత్తం ప్లానే రద్దు కావచ్చు. అప్పు తీరేదాకా నోరెత్తలేని మనిషి సైటులో ఏం చెప్పినా చేస్తాడు. అందుకే ఆ నిషేధం.

దిగిన రోజు పెద్ద విమానాశ్రయాల్లో అక్కడికక్కడే 'జైర్యూ కార్డు', అంటే నివాస కార్డు, ఇస్తారు. నివాసం కుదిరాక 14 రోజుల్లోగా మునిసిపల్ ఆఫీసులో చిరునామా రాయించాలి. కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. పాస్‌పోర్టు గానీ, కార్డు గానీ కంపెనీ దగ్గర, సంఘం దగ్గర దాచిపెట్టకూడదు. 'మీరే ఇచ్చారు కదా, భద్రంగా ఉంటుందని' అన్నా అది కుదరదు. ఫోను లాక్కోవడం, సెలవు రోజు బయటికి పోనివ్వకపోవడం కూడా చట్టం ఒప్పని పనులే.

మొదట తరగతులు ఉంటాయి. మొదటి దశ మొత్తం సమయంలో ఆరో వంతు, అంటే దాదాపు 2 నెలలు. వెళ్లే ముందు 6 నెలల్లో ఇక్కడ కనీసం 1 నెల, 160 గంటలు చదివి ఉంటే అది పన్నెండో వంతుకి తగ్గుతుంది, అంటే దాదాపు నెల. ఈ గది ఉన్నది అందుకే, హాజరు పట్టీ అందుకే జాగ్రత్తగా వేస్తున్నారు. తరగతుల్లో భాష, అక్కడి జీవితం, మీ చట్టపరమైన హక్కులు చెబుతారు. సంఘం ద్వారా వెళ్లినవాళ్లకి ఈ కాలంలో ఉద్యోగం ఇంకా మొదలు కాదు. జీతం రాదు, తరగతుల భత్యం వస్తుంది. ఆ నెలలో కంపెనీ 'ఒక్క రోజు సాయం చెయ్' అని సైటుకి తీసుకెళ్తే అది నిబంధనకి విరుద్ధం. అక్కడ కాలు విరిగితే ప్రమాద బీమా దగ్గర పేచీ పడుతుంది.

ఇంటి నుంచి మొదటి నెల డబ్బు ఎంత వస్తుందని అడిగితే చాలామంది పూర్తి జీతం చెప్పేస్తారు. అలా చెప్పకండి, తరగతుల కాలంలో వచ్చేది భత్యమే.

జీతం విషయానికి వస్తే నిర్మాణ రంగానికి ప్రత్యేక నిబంధనలున్నాయి. 2020 జనవరి నుంచి శిక్షణార్థిని పెట్టుకునే కంపెనీకి నిర్మాణ లైసెన్సు ఉండాలి. సీసీయూఎస్ అనే వృత్తి నమోదు వ్యవస్థలో కంపెనీ చేరాలి, మిమ్మల్నీ చేర్చాలి. జీతం నెల జీతంగా ఇవ్వాలి, రోజు కూలీగా కాదు. ఎందుకంటే వాన పడితే సైటు ఆగుతుంది, వానకాలంలో రోజు కూలీ మనిషి అప్పుల పాలవుతాడు. ఈ నిబంధన అది ఆపడానికే. వాన రోజుకి జీతం కోసినట్టు పేస్లిప్పులో కనిపిస్తే వెంటనే అడగండి. 2022 ఏప్రిల్ నుంచి ఇంకో షరతు: శిక్షణార్థుల సంఖ్య కంపెనీలోని శాశ్వత ఉద్యోగుల సంఖ్యకి మించకూడదు. నలుగురు జపనీయులు, పది మంది విదేశీయులు ఉన్న ముఠా అంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే.

కనీస వేతనం ఊరిని బట్టి ఉంటుంది. 2024 అక్టోబరు లెక్కలో టోక్యోలో గంటకి 1,163 యెన్‌లు, అకితాలో 951 ఉండేది. రోజుకి 8, వారానికి 40 గంటలు దాటితే 25 శాతం అదనం. రాత్రి 10 నుంచి తెల్లవారు 5 వరకు ఇంకో 25. చట్టప్రకారం ఉన్న సెలవు రోజున పని చేస్తే 35. ఓవర్‌టైం నెలలో 60 గంటలు దాటితే ఆ పై గంటలకి 50 శాతం. నిర్మాణ రంగానికి ఓవర్‌టైం పరిమితి 2024 ఏప్రిల్ నుంచి వచ్చింది. మామూలుగా నెలకి 45, ఏడాదికి 360 గంటలు.

ఎక్కువ గొడవ ప్రయాణం మీదే. తెల్లారే 6 గంటలకి కంపెనీ యార్డుకి రమ్మంటారు, బండిలో రాడ్డు కట్టలు ఎక్కిస్తారు, గంటన్నర ప్రయాణం, 8 గంటలకి సైటులో పని మొదలు. జీతం 8 నుంచే లెక్క కడతారు. యార్డుకి రావాలని కంపెనీయే ఆదేశించి అక్కడ సామాను ఎక్కించే పని చేయిస్తే ఆ సమయం పని సమయమే. ఎవరి ఇష్టం మీద వాళ్లు బండెక్కి ఊరికే కూర్చుని వెళ్తే పరిస్థితి వేరు. అందుకే డైరీలో 'యార్డు 6:00, లోడింగు 6:30 వరకు' అని రాయండి.

గది అద్దె, కరెంటు, నీళ్లు కోసుకోవచ్చు. కానీ నిజంగా అయిన ఖర్చు మేరకే, ఒప్పందంలో రాసిన మేరకే. పడక గదిలో మనిషికి కనీసం 4.5 చదరపు మీటర్లు ఉండాలి. మంచాల మీద మంచాలు వేసి ఎనిమిది మందిని కుక్కితే అది వసతి కాదు.

భద్రత అనుమతుల విషయంలో మొహమాటపడకండి. మన సైటుల్లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు గ్రైండరు పట్టుకుంటారు. అక్కడ గ్రైండరు చక్రం మార్చాలంటే ప్రత్యేక శిక్షణ ఉండాలి. పరంజా కట్టడానికి, విప్పడానికి ప్రత్యేక శిక్షణ ఉండాలి. 2 మీటర్లు అంతకుమించి ఎత్తున, కింద నిలబడే తలం వేయలేనిచోట ఫుల్ హార్నెస్ వేసుకుని పని చేయాలంటే 6 గంటల శిక్షణ. 1 టన్ను, అంతకుమించి సామర్థ్యం ఉన్న క్రేనుకి రాడ్డు కట్ట తగిలించాలంటే స్లింగింగ్ కోర్సు పాసైన కార్డు ఉండాలి. 3 టన్నులు, అంతకుమించిన తవ్వుడు యంత్రానికి ఇంకో కార్డు. కార్డు లేకుండా 'కట్ట తగిలించు' అంటే "నాకు కార్డు లేదు" అని జపనీస్‌లో చెప్పడం ఈ వారంలోనే నేర్చుకోండి. పాత నడుం బెల్టులు 2022 జనవరి నుంచి అక్కడ చెల్లవు. ఇక్కడి నుంచి ఎవరూ మోసుకెళ్లొద్దు.

దెబ్బ తగిలితే ఆసుపత్రిలో మొదట చెప్పాల్సిన మాట 'పనిలో తగిలింది' అని. కంపెనీ మనిషి పక్కన నిలబడి 'గదిలో జారిపడ్డాడు' అనిపించాలని చూడొచ్చు, ఎందుకంటే ప్రమాదం లెక్కకెక్కితే వాళ్లకి తనిఖీలు వస్తాయి. మామూలు ఆరోగ్య బీమా పని ప్రమాదానికి వాడకూడదు. కార్మిక ప్రమాద బీమాలో వైద్యానికి మీ జేబు నుంచి ఏమీ పోదు. పని చేయలేని రోజుల్లో నాలుగో రోజు నుంచి సగటు రోజు జీతంలో 80 శాతం వస్తుంది. మొదటి 3 రోజులు 60 శాతం కంపెనీ ఇవ్వాలి.

కంపెనీ మారడం కుదురుతుందా అని ముందే కొందరు అడిగారు. ఇష్టం లేదని మారలేరు. కంపెనీ మూతపడితే, కొట్టడం, తిట్టడం లాంటివి జరిగితే, జీతం ఎగ్గొడితే, ఒప్పందం తీవ్రంగా తప్పితే మారొచ్చు. దానికి ఓటీఐటీకి చెప్పుకోవాలి. తెలుగులో చెప్పుకునే ఏర్పాటు అక్కడ లేదు, ఇంగ్లీషులో ఉంది. డైరీ, పేస్లిప్పులు, ఫొటోలు అప్పుడు పనికొస్తాయి. చెప్పకుండా పారిపోయి, అనుమతి ఇచ్చిన పని చేయకుండా 3 నెలలు గడిస్తే ఆ అనుమతి రద్దు చేయొచ్చు. వేరేచోట దొంగచాటుగా పని చేస్తూ దొరికితే ఇంకా ముందే రద్దు కావచ్చు. బలవంతంగా తిప్పి పంపితే మామూలుగా 5 ఏళ్లు మళ్లీ అడుగు పెట్టలేరు. ఆదివారం ఇంకొకరి సైటులో కూలీకి వెళ్లడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. శిక్షణార్థికి పక్క ఉద్యోగానికి అనుమతి లేదు.

ఈ పద్ధతి మొత్తం మారబోతోంది. 2024 జూన్‌లో చట్టం చేశారు, 2027 ఏప్రిల్ 1 నుంచి 'ఇకుసెయ్ షూరో' వస్తుంది. 3 ఏళ్ల పద్ధతి. పని చేస్తూ నేర్చుకుని తోకుతెయ్ గినో స్థాయికి చేరడం దాని లక్ష్యం. రంగాన్ని బట్టి 1 నుంచి 2 ఏళ్లు ఒకచోట పని చేశాక, భాష, పని పరీక్షలు పాసై ఉంటే సొంత ఇష్టం మీద అదే రంగంలో కంపెనీ మారొచ్చు. పంపే సంస్థకి కార్మికుడు కట్టే రుసుం అక్కడి రెండు నెలల జీతానికి మించకూడదు. అప్పటికే శిక్షణలో ఉన్నవాళ్లు పాత పద్ధతిలో కొనసాగుతారు. కాకపోతే మూడో దశకి వెళ్లాలంటే ఆ తేదీ నాటికి రెండో దశలో ఏడాది పూర్తయి ఉండాలి. ఇప్పుడు బయల్దేరేవాళ్లు ఈ లెక్క వేసుకోండి.

ప్రశ్న: సార్, నేరుగా తోకుతెయ్ గినోకి వెళ్తే మంచిది కాదా?

చేయి తిరిగిన పనివాడైతే మంచిదే. 18 ఏళ్లు నిండాలి, నిర్మాణ రంగం నైపుణ్య పరీక్ష పాసవ్వాలి. జపనీస్ భాషా పరీక్షల్లో జేఎల్‌పీటీ ఎన్4 గానీ, జేఎఫ్‌టీ బేసిక్‌లో 250కి 200 గానీ రావాలి. 2022 నుంచి నిర్మాణ రంగాన్ని సివిల్, బిల్డింగ్, లైఫ్‌లైన్-పరికరాలు (కరెంటు, నీళ్లు, గ్యాసు లైన్ల లాంటివి) అని మూడు విభాగాలు చేశారు. శిక్షణ పద్ధతి కన్నా వెసులుబాటు ఎక్కువ. జీతం 3 ఏళ్ల అనుభవం ఉన్న జపనీయుడికి తగ్గకూడదు, ప్లానుకి అక్కడి రవాణా, భూ వ్యవహారాల శాఖ ఆమోదం ఉండాలి. ఒక కంపెనీ మనిషిని ఇంకో కంపెనీకి అద్దెకి పంపడం నిర్మాణ రంగంలో కుదరదు. ఈ మొదటి స్థాయిలో మొత్తం 5 ఏళ్లు. భార్యాబిడ్డలని తీసుకెళ్లలేరు. రెండో స్థాయికి చేరితే తీసుకెళ్లొచ్చు, దానికి ముఠాని నడిపిన అనుభవం, పరీక్ష రెండూ కావాలి. భాష రానివాళ్లకి, పని ఇంకా పట్టుబడనివాళ్లకి శిక్షణ దారే దారి. రెండో దశ సరిగ్గా ముగిస్తే అదే వృత్తిలో తోకుతెయ్ గినోకి రెండు పరీక్షలూ లేకుండా మారొచ్చు.

ప్రశ్న: కట్టిన పెన్షన్ డబ్బు వెనక్కి వస్తుందా?

వస్తుంది, 6 నెలలు అంతకుమించి కట్టి ఉంటే. బయల్దేరే ముందు మునిసిపల్ ఆఫీసులో ఊరు వదిలి వెళ్తున్నట్టు రాయించాలి. ఆ తర్వాత 2 ఏళ్లలోగా ఇక్కడి నుంచి దరఖాస్తు పెట్టాలి. పెన్షన్ నంబరు, పాస్‌పోర్టు నకలు, బ్యాంకు వివరాలు కావాలి. బ్యాంకు ఖాతాలో పేరు పాస్‌పోర్టులోలాగే ఉండాలి. ఇప్పటి లెక్కలో గరిష్ఠంగా 60 నెలలకే ఇస్తారు. ఉద్యోగుల పెన్షన్ అయితే అందులో 20.42 శాతం పన్ను కోస్తారు. ఆ కోత వెనక్కి రావాలంటే జపాన్‌లో మీ తరఫున పన్ను చూసుకునే మనిషిని బయల్దేరే ముందే రాయించి రావాలి. ఇంకో సంగతి చూసుకోండి. 2016 అక్టోబరు నుంచి మన దేశానికీ జపాన్‌కీ సామాజిక భద్రత ఒప్పందం ఉంది, అక్కడ కట్టిన నెలలు పెన్షన్ అర్హతకి కలుపుకోవచ్చు. ఒకేసారి డబ్బు తీసేసుకుంటే ఆ నెలలు లెక్కలోంచి పోతాయి. మళ్లీ తోకుతెయ్ గినో మీద వెళ్లి పదేళ్లు ఉండాలనుకునేవాళ్లు దరఖాస్తు నింపే ముందు ఆ లెక్క వేసుకోండి.